కొట్టకపోతే ఏమైతది?

హాస్టల్ వార్డెన్ అంటే బియ్యం తూకాలు, హాజరు, అధికారుల రాకపోకలు అనుకుంటారు. అవన్నీ ఉంటాయి. కానీ వరంగల్‌లో ఆడపిల్లల హాస్టల్ చూసుకున్న అన్నేళ్లలో నా చేతులు ఎక్కువగా చేసిన పని, ఒక పిల్ల గుప్పిట్లోంచి ఇంకో పిల్ల జుట్టు విడిపించడం. నల్లా దగ్గర, అన్నం వరుసలో, బట్టలారేసే తాడు కింద, ఎక్కడైనా సరే.

ఈ మధ్య కొత్తగా వార్డెన్లుగా చేరిన అమ్మాయిలు ఇద్దరు మా ఇంటికి వచ్చారు. "పిల్లలు కొట్టుకుంటే ఏం చేసేవారు మేడం?" అని అడిగారు. టీ తాగేలోపు చెప్పగలిగిన జవాబు కాదది. అందుకని రాస్తున్నాను. నా బదిలీలు, సర్వీసు విషయాలు మీకు అక్కర్లేదు. నాకు నేర్పిన పిల్లల గురించి, ముఖ్యంగా ఒక పిల్ల గురించి చెబుతాను.

బెత్తంతో మొదలు

నేను చేరింది డెబ్బయ్యో దశకం మధ్యలో. హాస్టల్ మట్టెవాడలో ఒక పాత అద్దె ఇల్లు. కింద రెండు పెద్ద గదులు, పైన కొన్ని చిన్న గదులు. నల్లా ఒక్కటే, అందులో నీళ్లు వచ్చేది పొద్దున కాసేపు. పిల్లలంతా చుట్టుపక్కల ఊళ్ల నుంచి, కూలికి పోయే ఇళ్ల నుంచి, ఎకరమో అరెకరమో ఉన్న ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు. చదువు మాత్రం దగ్గర్లోని ఆడపిల్లల హైస్కూల్లో. ఆ బడిలో వీళ్లతో పాటు బజారులో దుకాణాలున్న వాళ్ల పిల్లలు కూడా ఉండేవారు.

నాకంటే ముందున్న పెద్ద వార్డెన్ నాకు పని అప్పజెబుతూ బెత్తం కూడా చేతికిచ్చింది. "చూడమ్మా, ఎవరు మొదలుపెట్టిన్రో అడుగు. మొదలుపెట్టినదానికి రెండు, మళ్ల కొట్టినదానికి ఒకటి. అంతే. ఇంతకంటే ఎక్కువ ఆలోచించినవనుకో, పిచ్చి లేస్తది నీకు."

ఆమె చెడ్డమనిషి కాదు. పిల్లలకు జ్వరమొస్తే పక్కన కూర్చునే మనిషి. నేను ఆమె చెప్పినట్టే చేశాను, దాదాపు ఏడాదిపాటు. ఆ ఏడాదిలో పిల్లలు కొట్టుకోవడం తగ్గలేదు గానీ అందరూ వకీళ్లయ్యారు. తిరిగి కొడితే తక్కువ తప్పని తెలిసిపోయింది కాబట్టి, ప్రతి పిల్లా తను తిరిగి మాత్రమే కొట్టానని నిరూపించేది. "నిన్న నా బొంత తొక్కింది." "మొన్న మా ఊరిని తిట్టింది." "పోయిన వారం అదోలా చూసింది." వెనక్కి వెళ్లాలే గానీ ఎవరికైనా ఏదో ఒక కారణం దొరుకుతుంది. న్యాయం తన వైపు ఉన్నవాళ్లు కొట్టవచ్చు అన్నదే వాళ్లకు మా పద్ధతి నేర్పిన పాఠం. న్యాయం మేడం వైపు ఉంది, అందుకే మేడం కొడుతుంది. అంతవరకు వాళ్లకు బాగానే అర్థమైంది.

ఒకరోజు యాకమ్మ అనే ఏడో తరగతి పిల్ల తన తోటిదాని భుజం కొరికింది. ఎవరు మొదలుపెట్టారని అడగడానికి నాకే విసుగనిపించి, ఇంకేదో అడగాలని "కొరకకపోతే ఏమయ్యేది?" అన్నాను.

ఆ ప్రశ్న ఆమెను అంతకుముందు ఎవరూ అడిగి ఉండరు.

"అందరు నన్ను కొట్టుడు షురూ చేస్తరు మేడం," అంది.

కోపంగా అనలేదు. సాయంత్రం చీకటి పడుతుంది అన్నంత మామూలుగా అంది. ఆ పిల్ల దాన్ని నిజమని నమ్ముతోంది. నమ్మినదాని ప్రకారం చూస్తే ఆమె చేసింది బుద్ధిగల పనే.

ఆ తర్వాత బెత్తం పట్టుకోవాలనిపించలేదు. ప్రతి గొడవకూ అదే ప్రశ్న వేయడం మొదలుపెట్టాను. జవాబులు అటూ ఇటూ తిరిగి కొన్ని మాటల దగ్గరికే వచ్చేవి. నవ్వుతరు మేడం. ఇయ్యాల ఊకుంటే రేపు మళ్ల కొడ్తది. నాకు కోపం వస్తే ఆగది, మా నాయిన లెక్క. దానికేం కాదు మేడం, అది మొద్దుది, దానికి నొప్పి తెల్వది. చెయ్యి లేవకముందే ఇలాంటి మాట ఒకటి లోపల సిద్ధంగా ఉంటుంది. మనం చేతిని పట్టుకుంటాం. ఆ మాట జోలికి వెళ్లం.

కొమురమ్మ బిడ్డ

నేను చెబుతానన్న ఆ పిల్ల సమ్మక్క, స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి ఊరిది. ఏడో తరగతిలో చేరింది. వయసుకు మించిన పొడుగు, గట్టి భుజాలు. హాస్టల్లో గవదబిళ్లలు వచ్చిన ఏడాది, చిన్నపిల్లల బట్టలు ఎవరూ చెప్పకుండానే ఉతికి ఆరేసింది. గంజి కాచి ఒక్కొక్కరికీ తాగించింది. అయినా ఆ చిన్నపిల్లలు కూడా ఆమెను చూస్తే కొంచెం పక్కకు జరిగేవారు. ఎందుకంటే తన వైపు చూసి ఎవరు నవ్వినా, అది తనను చూసే నవ్వారని ఆమె లెక్క.

ఎనిమిదో తరగతిలో ఉండగా నల్లా దగ్గర యాకమ్మ కాలు నాచు మీద జారి, సమ్మక్క బకెట్ ఒరిగిపోయింది. సమ్మక్క చేతిలో ఉన్న చెంబుతో కొట్టింది. యాకమ్మ కనుబొమ్మ చిట్లింది. దవాఖానకు తీసుకుపోయి కుట్లు వేయించుకొచ్చాక సమ్మక్కను పిలిచాను.

"కావాల్ననే తన్నింది మేడం."

"కాలు జారింది. నేను అక్కడే ఉన్నాను, చూశాను."

"జారినట్టు జేసింది."

నా కళ్లతో చూసింది కూడా ఆమెకు రుజువు కాలేదు. "సరే, కొట్టకపోతే ఏమయ్యేది?" అన్నాను.

"మా అవ్వ నన్ను ఇంట్లకు రానియ్యది," అంది.

వాళ్లు అవ్వ అనేది తల్లిని. ఆమెను పిలిపించాను. కొమురమ్మ భర్త పోయి చాలాకాలమైంది. నాట్లకు, కోతలకు పోయి ఈ పిల్లను పెంచుతోంది. వరండాలో కుర్చీ వేస్తే కూర్చోలేదు, గడప పక్కన కూర్చుంది. బిడ్డ చేసింది విని, ఆమె ఏమీ నొచ్చుకోలేదు. తన సంగతి చెప్పింది.

"నా పెనిమిటి పోయినంక మేస్త్రి ఒకడు నాట్లకాడ నా ఎన్క ఎన్క తిరిగేటోడు మేడం. మంచిగ చెప్పిన, ఇనలే. పెద్దమనుషులకు చెప్పిన, నవ్విన్రు. ఒకనాడు కొడవలి ఇసిరిన. వాని చెయ్యి మీద ఇంత పొడుగు గీత వడ్డది. గా దినం సంది ఒక్కడు నన్ను ఏమన్లే. నా బిడ్డకు నేను ఏమియ్యగల్గుత? గా ధైర్నమొక్కటే ఇచ్చిన."

ఆ చేను దగ్గర ఆమె చేసింది తప్పని నేను ఈ రోజుకీ అనలేను. అక్కడ ఆమెకు ఇంకో దారి ఎవరూ మిగల్చలేదు. మీకు శిక్షణలో ఇలాంటి తల్లుల గురించి చెప్పరు. కొట్టడం చెడ్డదని చెబితే చాలు అన్నట్టు మాట్లాడతారు. ఈ నమ్మకాలు గాలిలోంచి పుట్టవు. ఎక్కడో ఒకచోట అవి పనిచేశాయి, ఒక మనిషిని కాపాడాయి. కష్టమంతా ఏమిటంటే, ఒకచోట పనికొచ్చిన మాటను పిల్ల ఇంకో చోటికి మోసుకొస్తుంది. మేస్త్రి చెయ్యీ, నాచు మీద జారిన కాలూ ఆమెకు ఒకటే అయిపోతాయి.

కొమురమ్మకు నేను అంత చెప్పలేకపోయాను. "ఇక్కడ మేస్త్రీలు లేరమ్మా," అన్నాను.

"ఏడ లేరు మేడం?" అంది ఆమె, లేచి వెళ్లిపోతూ.

ఎవరు నవ్వుతారు

ఆదివారం ఆదివారం పిల్లలకు తలకు నూనె పోసేదాన్ని. ఒక్కొక్కరే వచ్చి దోసిలి పట్టేవారు. అదొక్కటే నాకు ప్రతి పిల్లతో విడిగా మాట్లాడటానికి దొరికే సమయం. ఆ ఏడాది నూనె పోస్తూ అందర్నీ ఒకే సంగతి అడిగాను.

"నిన్నెవరైనా కొట్టారనుకో. నువ్వు తిరిగి కొట్టకుండా పక్కకొచ్చేశావు. అప్పుడు మన పిల్లలు ఏమనుకుంటారు?"

"నవ్వుతరు మేడం. పిరికిది అంటరు."

"మరి అట్లా పక్కకొచ్చింది ఇంకో పిల్లయితే, నువ్వు నవ్వుతావా?"

"నేనెందుకు నవ్వుత? పాపం అనిపిస్తది."

తర్వాతి పిల్లా అదే. ఆ తర్వాతి పిల్లా అదే. అందరూ నవ్వుతారని ప్రతి ఒక్కరికీ తెలుసు. కానీ నవ్వే మనిషి మాత్రం ఒక్కతీ కనబడలేదు. నేను నూనె సీసా పట్టుకుని అట్లాగే కూర్చుండిపోయాను. లేని నవ్వుకు భయపడి ఇన్ని జుట్లు పీక్కుంటున్నారా ఈ పిల్లలు అనిపించింది.

నాకు తెలిసింది నా దగ్గరే ఉంటే లాభం లేదు. వాళ్లు ఒకరి నోటి నుంచి ఒకరు వినాలి. ఒక సాయంత్రం అన్నానికి కూర్చున్నాక, వడ్డించకముందు, నా దగ్గర చెప్పిన మాట అందరి ముందూ చెప్పమన్నాను. కొందరు పళ్లేల్లోకి చూస్తున్నారు. చివరికి లేచింది యాకమ్మ. కనుబొమ్మ మీద మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది.

"సమ్మక్క నన్ను కొట్టినప్పుడు నేను మళ్ల కొట్టలే," అంది. "భయపడి కాదు. కండ్లల్లకు నెత్తురు కారి ఏం కనవడలే. తర్వాత మీరందరు నవ్వుతరేమోనని దుప్పటి కప్పుకొని శాన దినాలు ఏడ్సిన. ఒక్కలు గూడ నవ్వలే."

ఎవరో నవ్వారు, కానీ అది వేరే నవ్వు. యాకమ్మ కూడా నవ్వింది. ఆ తర్వాత ఒక్కొక్కరే చెప్పారు. సమ్మక్క తల వంచుకుని వింది.

కొట్లాటలు ఆ మర్నాడే ఆగిపోయాయని రాస్తే అబద్ధం. కానీ తగ్గాయి. నాకు బాగా గుర్తున్నది ఒకటుంది. ఇంకోసారి నల్లా దగ్గర ఎవరో సమ్మక్కను నిజంగానే తోశారు, నేను మెట్ల మీద నుంచి చూశాను. సమ్మక్క చెయ్యి లేచింది. లేచి, ఆగింది. చుట్టూ ఉన్న ముఖాలన్నీ ఒకసారి చూసింది. ఎవరూ నవ్వడం లేదు. ఒక పెద్దపిల్ల ముందుకొచ్చి సమ్మక్క బకెట్ నల్లా కింద పెట్టింది. నా ఉద్యోగంలో నేను చూసిన మంచి దృశ్యాలు లెక్కబెడితే అది ముందు వరుసలో ఉంటుంది.

ఆ వారంలోనే సమ్మక్క బియ్యం ఏరుతూ నన్ను అడిగింది. "నిజంగ ఎవ్వరు నవ్వరా మేడం?"

"నవ్వరు," అన్నాను.

నేను హాస్టల్ సంగతి చెప్పాను. ఆమె దాన్ని లోకమంతటి సంగతిగా వింది.

మాటలే కదా

తొమ్మిదో తరగతిలో సమ్మక్క పక్క బెంచీలో శోభ ఉండేది. వాళ్ల నాన్నకు మట్టెవాడలోనే బట్టల దుకాణం. మేం హాస్టల్ దుప్పట్లు అక్కడే కొనేవాళ్లం. ఆయన నెమ్మదైన మనిషి. "మా ఇంట్ల ఒకరి మీద ఒకరం చెయ్యెత్తం మేడం," అని ఒకసారి గర్వంగా చెప్పాడు. నిజమే చెప్పాడు. నేనూ అట్లాంటి ఇంట్లోనే పెరిగాను. మా ఇంట్లో కూడా చెయ్యెత్తేవారు కాదు. మాటలతోనే మనిషిని పనికిరాకుండా చేసేవారు. మా చిన్నమ్మ ఒకావిడ ఆ మాటలు పడలేక నలుగురిలో కూర్చుని తినడం మానేసింది. ఎవరూ ఆమెను కొట్టలేదు కాబట్టి, ఆమెకు ఏం జరిగిందో చెప్పడానికి మాకు మాట కూడా లేదు.

శోభ సమ్మక్కకు "పళ్లెం" అని పేరు పెట్టింది. హాస్టల్ పిల్లలు పళ్లేలు పట్టుకుని వరుసలో నిలబడటం ఆమె దుకాణానికి వస్తూ పోతూ చూసింది. సమ్మక్క తరగతిలోకి రాగానే శోభ రెండు చేతులూ ముందుకు చాచి అన్నం కోసం నిలబడ్డట్టు నిలబడేది. బెంచీలన్నీ నవ్వేవి. దసరా సెలవుల తర్వాత మొదలైంది. సమ్మక్క ఏమీ అనకుండా వెళ్లి కూర్చునేది. రోజూ అంతే.

చలికాలంలో ఒక సాయంత్రం నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"మీరు నవ్వరన్నరు మేడం," అంది. "గాడ నవ్వుతాన్రు."

మర్నాడు నేను బడికి వెళ్లాను. హెడ్మిస్ట్రెస్ గారు మంచి టీచరని పేరున్న మనిషి, ఇంగ్లీషు చెప్పేవారు. అంతా విన్నారు.

"ఆ శోభ చెయ్యి చేసుకుందా?"

"లేదండీ."

"మరి? మాట మాటకూ పంచాయితీ పెడితే నేను బడి నడపలేను. ఆ వయసులో ఒకరినొకరు ఏదో అనుకుంటారు. మాటలే కదా. మీ పిల్లలకు కాస్త ఓర్పు నేర్పండి."

"ఆ పిల్ల మూడు నెలలుగా ఓర్చుకుంటూనే ఉందండీ. మా హాస్టల్లో పిల్లలను కూర్చోబెట్టి మాట్లాడిస్తే కొంత మారింది. ఇక్కడ కూడా ఒకసారి..."

ఆవిడ నవ్వారు, చిన్నచూపుతో కాదు. "హాస్టల్ వేరు, బడి వేరు మేడం. ఇక్కడివాళ్లు అట్లా పెరిగిన పిల్లలు కాదు."

ఆవిడకు చర్మం చిట్లితేనే దెబ్బ. కొట్టేవాళ్లు ఒక రకం ఇళ్ల నుంచి వస్తారని గట్టి నమ్మకం. పిల్లల నమ్మకాల గురించి ఇంత రాస్తున్నాను గానీ, పెద్దవాళ్ల నమ్మకాలు అంతకంటే మొండివి. వాటికి అధికారం కూడా తోడుంటుంది. నా కింద ఉన్న పిల్లల చేత మాట్లాడించగలిగాను. నా పైన ఉన్నవాళ్ల చేత మాట్లాడించడం నా చేతిలో లేకపోయింది.

తిరిగొచ్చి సమ్మక్కతో, "పరీక్షలు దగ్గరికొచ్చాయి బిడ్డా, జర ఓపిక పట్టు," అన్నాను. ఆమె సరేనంది.

బడి మెట్ల మీద

తర్వాత జరిగింది నేను చూడలేదు. యాకమ్మ చెప్పింది.

ముందురోజు కొమురమ్మ ఊరి నుంచి వచ్చి, హాస్టల్‌కు రాకుండా నేరుగా బడికే వెళ్లింది. కొంగులో కట్టుకొచ్చిన పల్లికాయ బిడ్డకు ఇచ్చి పోయింది. మర్నాడు ఇంటర్వెల్‌లో శోభ మెట్ల మీద నిలబడి, "ఓ, నిన్న పెద్దపళ్లెం వచ్చింది చూసిన్రా," అంది. మెట్ల మీద ఉన్న పిల్లలంతా నవ్వారు.

"సమ్మక్క ఏమన్లే మేడం," అంది యాకమ్మ. "ఎన్కకు తిరిగి అందరి మొకాలు సూసింది. ఒక్కొక్కలని సూసింది. గప్పుడు నూకింది."

శోభ మెట్ల మీంచి కింద పడింది. ఎడమ చెయ్యి మోచేతి దగ్గర విరిగింది.

ఆ సాయంత్రం హెడ్మిస్ట్రెస్ గారి గదిలో శోభ నాన్న ఉన్నాడు, మా శాఖ ఆఫీసరు ఉన్నాడు. శోభ నాన్న అరవలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు. మాట్లాడింది ఆఫీసరే.

"ఆ పిల్లను ఇయ్యాల్నే పంపించేయున్రి. రేపు పేపర్ల వస్తే ఎవరు జవాబు చెప్తరు?"

నేను మూడు నెలల సంగతి చెప్పాను. పళ్లెం అన్న పేరు చెప్పాను. శోభ నాన్న తలెత్తి చూశాడు, ఆయనకు అది అప్పుడే తెలిసింది.

"ఎన్ని మాటలన్నా మాటలతో చెయ్యి విరుగుతుందా మేడం?" అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు.

సమ్మక్కను పిలిచి ఎందుకు తోశావని అడిగారు. ఆమె వాళ్లెవరి వైపూ చూడలేదు. నా వైపు చూస్తూ నిలబడింది. నేను చెప్పాల్సింది ఇంకేమైనా ఉందేమోనని ఎదురుచూస్తున్నట్టు ఉంది ఆ చూపు. టీసీ రాసిచ్చారు.

మర్నాడు కొమురమ్మ వచ్చింది. బిడ్డ పెట్టె తలమీద పెట్టుకున్నాక నాతో నిదానంగా అంది.

"మీరు మంచోళ్లే మేడం. గని మీరు కొట్టద్దు కొట్టద్దు అనుకుంట పిల్లను ఆపిన్రు. మొదటి దినమే ఒక్క దెబ్బ ఏసుంటే ఆ పిల్ల నోరు మూసేది, ఈ పిల్ల సదువు ఉండేది. ఇన్ని దినాలు కడుపుల వెట్టుకున్నందుకే గింత పెద్దగైంది."

ఆ మాట ఇన్నేళ్లుగా తిప్పి తిప్పి చూస్తున్నాను. కొట్టి ఉంటే మంచిదయ్యేదని నేను అనుకోను. కానీ ఆమె లెక్కలో తప్పు ఎక్కడుందో ఆమెకు చూపించడానికి నా దగ్గర ఒక్క రుజువు కూడా లేదు. నేను చూపించగలిగిన రుజువు ఆ బడి మెట్ల మీద తయారవ్వాల్సింది. ఒక్క పిల్ల నవ్వకుండా ఉంటే, ఒక్క పిల్ల శోభతో ఊర్కో అని ఉంటే సరిపోయేది. చెయ్యి దించడం ఒక్క పిల్లకు నేర్పి, ఆమె చుట్టూ ఉన్నవాళ్లకు ఏమీ నేర్పకుండా వదిలేస్తే, ఆ పిల్లను ఒంటరిగా నిలబెట్టినట్టే. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఇదొక్కటి గుర్తుంచుకుంటే చాలు. కోపంగా ఉన్న పిల్లతోనే మాట్లాడి సరిపెట్టకండి. చూస్తూ నిలబడ్డ పిల్లలతో మాట్లాడండి.

శోభ వచ్చింది

వారమో పది రోజులో గడిచాక శోభ హాస్టల్‌కు వచ్చింది. చేతికి పట్టీ, మెడలోంచి గుడ్డ వేలాడగట్టి ఉంది. ఒక్కతే వచ్చింది.

"నేను కొట్టలే గద మేడం," అంది. వాదించడానికి రాలేదు, అడగడానికి వచ్చింది. "మాటలే అన్న. మాటలంటే ఏమైతది?"

నేను కూర్చోమన్నాను. ఆమెను కూడా నా పాత ప్రశ్నే అడిగాను. "అనకపోతే ఏమయ్యేది?"

గుడ్డ అంచు మెలిపెట్టింది.

"ముందు నన్నే అనేటోళ్లు మేడం. ఆరో క్లాసుల నుంచి. లావుగున్న అని, నడుస్తుంటే బల్లలు కదులుతయని. నేను సమ్మక్కను అన్నప్పటి నుంచి నన్ను అనుడు బంద్ చేసిన్రు. నేను ఊకుంటే మళ్ల నా మీదికే వస్తరు."

యాకమ్మ భుజం కొరికినప్పుడు చెప్పింది కూడా ఇదే. దుకాణమున్న ఇంట్లో పుట్టినా, కూలికి పోయే ఇంట్లో పుట్టినా, ఆ పిల్లల లోపల ఉన్నది ఒకటే భయం. ఒకరు చేత్తో దాన్ని ఆపుకున్నారు, ఒకరు నోటితో ఆపుకున్నారు. మేం పెద్దవాళ్లం మాత్రం ఒకరిని పంపేసి ఒకరిని ఓదార్చాం.

"సమ్మక్క మళ్ల ఎప్పుడొస్తది?" అని అడిగింది శోభ వెళ్లేటప్పుడు. పెద్దలు ఎవరూ ఆ పిల్లకు టీసీ సంగతి చెప్పలేదు.

స్టేషన్ ఘన్‌పూర్ దాకా

వేసవిలో ఆ హెడ్మిస్ట్రెస్ గారికి బదిలీ అయింది. కొత్తగా వచ్చినావిడ నేను చెప్పింది విని, "రండి, తరగతుల్లోకి మీరే వచ్చి అడగండి," అన్నారు. వెళ్లి అడిగాను. హాస్టల్లో వచ్చిన జవాబులే వచ్చాయి. అందరూ నవ్వుతారు, నేను నవ్వను. అది అందరి ముందూ పలికించడానికి ఇక్కడ ఎక్కువ కాలం పట్టింది, కానీ పలికారు. ఆ బడిలో ఆ తర్వాత పిల్లలు కొట్టుకోలేదని అనను, వెక్కిరించుకోలేదని అసలే అనను. ఎవరైనా మొదలుపెడితే "చాల్తియ్" అనే పిల్లలు మాత్రం కొందరు తయారయ్యారు.

సమ్మక్కను తీసుకొస్తే పరీక్ష పెట్టి పదో తరగతిలో చేర్చుకుంటానని కూడా ఆవిడ అన్నారు. వానలు పడ్డాక నేను ప్యాసింజర్ ఎక్కి స్టేషన్ ఘన్‌పూర్‌లో దిగి, అక్కడి నుంచి నడుచుకుంటూ వాళ్ల ఊరికి వెళ్లాను.

నాట్ల కాలం. నేను వెళ్లేసరికి మధ్యాహ్నం అన్నాలకు లేచారు. ఆడవాళ్లంతా తుమ్మచెట్టు కింద గుంపుగా కూర్చుని, సద్దులు విప్పుకుని ఒకరి కూర ఒకరు పంచుకుంటున్నారు. కొమురమ్మ, సమ్మక్క ఆ గుంపులో లేరు. అవతల ఒడ్డు మీద, ఎండలోనే, వాళ్లిద్దరే కూర్చుని తింటున్నారు.

నేను వెళ్లి వాళ్ల పక్కన కూర్చున్నాను. కొమురమ్మ తన గిన్నెలోంచి నాకు ఇంత అన్నం పెట్టింది. వచ్చిన పని చెప్పాను. బిడ్డ ఇష్టం అన్నట్టు తల్లి అటు చూసింది.

"వద్దు మేడం," అంది సమ్మక్క.

"ఇప్పుడక్కడ మారింది బిడ్డా. పిల్లలు ముందటి లెక్క లేరు."

"మారి ఉంటరు. మీరు అబద్ధం చెప్పరు." నెమ్మదిగా ముద్ద కలిపింది. "గాడుంటే పొద్దంత అందరి మొకాలు సూసుకుంట కూసోవాలె. నాతోని కాదు. ఈడ ఎవ్వలు మా దిక్కు మొకం తిప్పరు. మంచిగున్నది."

ఆ మంచి ఏమిటో నా కళ్లముందే ఉంది. తుమ్మచెట్టు కింద నవ్వులు వినబడుతున్నాయి. ఈ తల్లీబిడ్డల వైపు నిజంగానే ఒక్కరు కూడా తల తిప్పలేదు. కొడవలి కాపాడిందని కొమురమ్మ చెప్పినప్పుడు, అది ఎంతమందిని దూరంగా ఉంచిందో నేను ఆమెను అడగలేదు. అడగాల్సిన అవసరం ఇప్పుడు లేదు.

నేను ఇంకా చాలా చెప్పాను. పదో తరగతి అయితే వచ్చే ఉద్యోగాల గురించి, ఇంకో బడిలో చేర్పించడం గురించి చెప్పాను. ఆమె తల ఊపుతూ వింది, ఒప్పుకోలేదు. నాట్లకు పిలుపు వచ్చింది. కొమురమ్మ చీర ఎగ్గట్టి మడిలోకి దిగింది. సమ్మక్క నాతో పాటు బండ్లబాట దాకా వచ్చింది. అక్కడ ఆగి, నా ముఖం వైపు చూడకుండా అడిగింది.

"శోభ చెయ్యి మంచిగైందా మేడం?"

"అతికింది. రాస్తుంది, పని చేసుకుంటుంది. పూర్తిగా చాచడానికి మాత్రం రాదట."

"గట్లనా," అంది. మళ్లీ మడి వైపు నడిచిపోయింది. ఆ తర్వాత ఆమెను నేను చూడలేదు.

మర్నాడు బడికి వెళ్లి శోభను బయటికి పిలిచి, సమ్మక్క నీ చెయ్యి గురించి అడిగిందని చెప్పాను.

శోభ ముఖం వెలిగింది. "ఎప్పుడొస్తదట మేడం?"

"రాదట," అన్నాను.

గంట కొట్టారు. శోభ ఆ వంగిన చేతిని కుడిచేత్తో పట్టుకుని తరగతిలోకి వెళ్లిపోయింది.